రెండు మైకులు కలిస్తే నాదం గుల్లబారుతోందా? మైకు జరపాలా, పొలారిటీ తిప్పాలా, ట్రాక్ జరపాలా?

వీణకు అంటించిన పికప్‌ను (కంపనాన్ని నేరుగా అందుకునే చిన్న పరికరం) ఒక ట్రాక్‌లోనూ, వీణకు ఎదురుగా నిలబెట్టిన కండెన్సర్ మైకును మరొక ట్రాక్‌లోనూ రికార్డు చేస్తాము. విడివిడిగా విన్నప్పుడు రెండూ చక్కగానే ఉంటాయి. రెంటినీ కలిపిన మరుక్షణం మాత్రం నాదం సన్నబడి, గొట్టంలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవారిలో చాలామంది ఈ దశలో ఈక్వలైజర్ తెరిచి, పోయిన భాగాన్ని పెంచబోతారు. అయితే అక్కడ ధ్వని తగ్గలేదు, రెండు తరంగాలు ఎదురెదురై ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి; రద్దయిన దానిని పెంచడమంటే సున్నాను హెచ్చవేయడమే గనుక ఆ శ్రమ ఫలించదు.

దీనికి చేతిలో ఉన్న మార్గాలు ప్రధానంగా ఐదు: మైకు స్థానం మార్చడం, పొలారిటీ తిప్పడం (తరంగాన్ని తలకిందులు చేయడం), ట్రాక్‌ను కొన్ని శాంపిళ్లు (డిజిటల్ ధ్వనిలోని అతి చిన్న కాలపు ముక్కలు) ముందుకో వెనక్కో జరపడం, ఆ పనిని తానే చేసే ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు జోడించే చిన్న సాఫ్ట్‌వేర్) కొనడం, రెండింటిలో ఒక మైకును వదిలేసుకోవడం. వీటిలో ఏది మంచిది అని అడగడం కంటే, ధ్వని ఎన్ని చోట్ల పుడుతోంది, దానిని ఎన్ని మైకులు పట్టుకుంటున్నాయి అని లెక్కించడం ఎక్కువ ఉపయోగకరం. నా ఉద్దేశంలో ఎంపిక మొత్తం ఆ లెక్క మీదనే ఆధారపడి ఉంటుంది.

ముందుగా వినే దారిని అనుమానించండి

రికార్డు అయిన ధ్వనిలో ఏ దోషమూ లేకుండా, దానిని మనం వింటున్న దారిలోనే దోషం ఉండడం కద్దు. స్పీకర్లలో ఒకదానికి ఎరుపు, నలుపు తీగలు తారుమారైతే, మధ్యలో నిలబడవలసిన గాయని గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా గదంతా పరుచుకుంటుంది, మంద్రం పలచబడుతుంది. ఆంప్లిఫయర్ విడిగా ఉండే పాసివ్ స్పీకర్లయితే, తీగలను ఆంప్లిఫయర్ నుంచి విప్పి, 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించి చూడవచ్చు. ప్లస్‌కు ప్లస్ తగిలినప్పుడు ఊఫర్ కోన్ బయటికి కదలాలి. ఒకటి బయటికి, మరొకటి లోపలికి కదిలితే దొంగ దొరికినట్టే. కరెంటు నేరుగా తీసుకునే యాక్టివ్ మానిటర్లకు ఈ పరీక్ష పనికిరాదు, చేయకూడదు కూడా. వాటి విషయంలో అనుమానించవలసింది కేబుల్‌ను. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌లో (మైకులకు వాడే మూడు పిన్నుల కేబుల్) 2వ పిన్ను ప్లస్‌గా ఉండాలన్నది ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ వారి ఏఈఎస్14-1992 ప్రమాణం. సోల్డరింగ్ చేసిన వారు ఒక చివర 2, 3 పిన్నులను అటుదిటు చేస్తే ఆ కేబుల్ గుండా వెళ్లిన ప్రతిదీ తలకిందులవుతుంది. చేత్తో అతికించిన కేబుళ్లు వాడేవారు ఇంట్లో ఒక మల్టీమీటర్ ఉంచుకోవడం ఏ ప్లగిన్ కంటే చవకైన పెట్టుబడి.

ఇదే కుటుంబానికి చెందిన మరొక తమాషా ఉన్నది. ఫోను నుంచి వచ్చే 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్నును మిక్సర్‌లోని బ్యాలెన్స్‌డ్ మోనో ఇన్‌పుట్‌కు (రెండు తీగల మధ్య తేడాను ఒకే ధ్వనిగా తీసుకునేది) నేరుగా కలిపితే, ఆ ఇన్‌పుట్ ఎడమలోంచి కుడిని తీసివేసి మిగిలినదానినే వినిపిస్తుంది. రెండువైపులా సమానంగా ఉండే గొంతు దాదాపు మాయమై, పక్కవాద్యాలూ ప్రతిధ్వనీ మాత్రమే మిగులుతాయి. సభల్లో కరోకే ట్రాక్ పెట్టినప్పుడు వినిపించే దయ్యపు ధ్వనికి తరచూ ఇదే కారణం. దీనికి ఎంపికలంటూ లేవు, ఎడమ కుడులను విడదీసే సరైన కేబుల్ కొనడం తప్ప.

పాడుతున్నప్పుడు హెడ్‌ఫోన్‌లో మాత్రమే గొంతు గుల్లగా వినిపించి, తరువాత వింటే రికార్డింగ్ బాగానే ఉన్నట్లయితే, ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) గొంతును నేరుగా వినిపించే డైరెక్ట్ మానిటరింగ్, కంప్యూటర్ గుండా తిప్పి వినిపించే సాఫ్ట్‌వేర్ ట్రాక్ మానిటరింగ్ రెండూ ఒకేసారి నడుస్తున్నాయని గ్రహించాలి. సెకనుకు 48,000 శాంపిళ్ల వేగంలో 128 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ధ్వనిని కొద్దికొద్దిగా పోగుచేసే గంప) అంటే ఒక్కొక్క దిశలో సుమారు 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం; వెళ్లి వచ్చేసరికి 5 దాటుతుంది. ఒకే గొంతు రెండుసార్లు ఈ ఎడంతో చెవిలో పడితే గుల్లబారక మానదు. ఈ రెండింటిలో డైరెక్ట్ మానిటరింగ్‌నే ఉంచుకుని, సాఫ్ట్‌వేర్ మానిటరింగ్‌ను ఆపివేయమని సలహా ఇస్తాను. ప్రతిధ్వని కలిపి వింటేనే పాడగలిగేవారు, సాఫ్ట్‌వేర్‌లో గొంతును ఆపి, ప్రతిధ్వనిని మాత్రమే పంపించుకోవచ్చు.

ఒకే బటన్ పేరు మీద రెండు జబ్బులు

సున్నాకు అడ్డంగా గీత కొట్టినట్టుండే గుర్తుతో చాలా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లలో కనిపించే బటన్‌ను ఫేజ్ బటన్ అని పిలవడం అలవాటైపోయింది. నిజానికి అది తిప్పేది పొలారిటీని. తరంగంలో పైకి లేచినది కిందికీ, కిందికి దిగినది పైకీ మారుతుంది, అన్ని పౌనఃపున్యాలకూ ఒకేలాగ, ఒక్క క్షణం కూడా ఆలస్యం లేకుండా. ఫేజ్ తేడా అనేది సాధారణంగా కాలంలోని ఎడం వల్ల పుడుతుంది. ధ్వని ఒక మైకుకు ముందుగా, మరొకదానికి ఆలస్యంగా చేరినప్పుడు ఆ ఆలస్యం ఒక్కొక్క పౌనఃపున్యం మీద ఒక్కొక్క విధంగా పనిచేస్తుంది.

మన వేసవిలో 30 డిగ్రీలున్న గదిలో ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి 35 సెంటీమీటర్ల ఎడానికి 1 మిల్లీసెకను ఆలస్యమని గుర్తుపెట్టుకుంటే చాలు. ఆ 1 మిల్లీసెకను తేడాతో, సమాన స్థాయిలో ఉన్న రెండు ట్రాకులు కలిస్తే 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర గుంటలు పడతాయి, 1000, 2000 దగ్గర 6 డెసిబెల్ల మేరకు గుట్టలు లేస్తాయి. ఎనలైజర్‌లో చూస్తే ఇది అచ్చంగా దువ్వెన పళ్లలాగే ఉంటుంది. ఇటువంటి ధ్వని మీద పొలారిటీ బటన్ నొక్కితే గుంటలున్నచోట గుట్టలూ, గుట్టలున్నచోట గుంటలూ వచ్చి, అదనంగా మంద్రం అడుగంటిపోతుంది. గుంట పూడదు, చోటు మారుతుంది అంతే. బటన్ నొక్కగానే ధ్వని మారింది గనుక బాగుపడిందని పొరబడేవారు అనేకులు. మారడం వేరు, బాగుపడడం వేరు.

అందుచేత రోగ నిర్ధారణ ఇలా చేయాలి. రెండు ట్రాకులనూ మధ్యకు తెచ్చి, స్థాయిలు సమానం చేసి, బటన్‌ను నొక్కుతూ తీస్తూ వినాలి. ఒక స్థితిలో నిండుగా, మరొక స్థితిలో దాదాపు ఖాళీగా వినిపిస్తే అది పొలారిటీ జబ్బు, నిండుగా ఉన్న స్థితిలో వదిలేస్తే సరిపోతుంది. రెండు స్థితుల్లోనూ ఏదో ఒక లోటు, కాకపోతే వేర్వేరు లోట్లు వినిపిస్తే అది కాలం తెచ్చిన జబ్బు.

వీణ: మూలం ఒకటి, మైకులు రెండు

వీణ విషయంలో ట్రాక్‌ను జరపడమే సరైన మందు. కారణం స్పష్టం: పికప్ తాకిన చోటనే కంపనాన్ని అందుకుంటుంది, 35 సెంటీమీటర్ల దూరంలోని మైకు 1 మిల్లీసెకను తరువాత అందుకుంటుంది. మూలం ఒక్కటే కావడం వల్ల ఆ ఎడం పాట పొడవునా ఒకేలాగ ఉంటుంది. 48,000 శాంపిళ్ల వేగంలో అది 48 శాంపిళ్లు; ఒక్కొక్క శాంపిల్‌కు దూరంలో దాదాపు 7 మిల్లీమీటర్లు.

ఎంత జరపాలో కంటితో తేల్చడం కంటే చెవితో తేల్చడం నయమని నా అనుభవం. తరంగాన్ని పెద్దదిగా చేసి మీటు మొదటి శిఖరాలను ఒకే వరుసలోకి తేవడం ఆరంభానికి పనికివస్తుంది, కానీ పికప్ తరంగమూ మైకు తరంగమూ ఒకే ఆకారంలో ఉండవు గనుక కన్ను మోసపోతుంది. అక్కడినుంచి ఒక ట్రాక్ పొలారిటీని కావాలని తిప్పి, మిగిలినదానిని ఒక్కొక్క శాంపిల్ జరుపుతూ, ధ్వని అత్యంత బక్కచిక్కి వినిపించే చోట ఆగండి. తరువాత పొలారిటీని యథాస్థితికి తెస్తే, అంతకు ముందు ఎంత బక్కగా వినిపించిందో ఇప్పుడు అంత నిండుగా వినిపిస్తుంది. నిండుదనాన్ని వెతకడం కష్టం, శూన్యాన్ని వెతకడం తేలిక. లాజిక్ ప్రోలో శాంపిల్ డిలే అనే ప్లగిన్ ఇందుకోసమే ఉన్నది. ఆడాసిటీలో క్లిప్‌ను చేత్తో లాగవలసి వస్తుంది, పొలారిటీకి ఇన్వర్ట్ అనే ఎఫెక్ట్ ఉంటుంది.

ఏ ట్రాక్‌ను జరపాలన్న ప్రశ్నకు, పికప్‌ను ఆలస్యం చేయడాన్నే నేను ఎంచుకుంటాను. అదే గదిలో మృదంగం కూడా మోగుతూ ఉంటే వీణ మైకులోకి దాని ధ్వని కొంత చేరుతుంది; ఆ మైకు ట్రాక్‌ను కదిపితే దానికీ మృదంగం మైకులకూ మధ్య ఉన్న సంబంధం చెదురుతుంది. పికప్‌లో బయటి ధ్వని దాదాపు ఉండదు గనుక దానిని కదిపితే ఎవరికీ నష్టం లేదు.

మృదంగం: ముఖాలు రెండు, మైకులు రెండు

వీణకు పనిచేసిన మందు మృదంగానికి వికటిస్తుంది. ఇక్కడ ధ్వని రెండు ముఖాల నుంచి వస్తుంది, రెండు మైకులూ రెండింటినీ వింటాయి. వాద్యం పొడవు 60 సెంటీమీటర్లనీ, ఒక్కొక్క మైకు తన ముఖానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదనీ అనుకుందాము. కుడి ముఖం మీది నాదం కుడి మైకుకు 15 సెంటీమీటర్లు ప్రయాణిస్తే, ఎడమ మైకుకు కనీసం 75 ప్రయాణించాలి. తేడా 60, అంటే సుమారు 1.7 మిల్లీసెకన్లు. కుడి ముఖం కోసం ఎడమ ట్రాక్‌ను ఆ మేరకు ముందుకు జరిపితే, కుడి నాదం సరిపడిన మాట నిజమే. కానీ ఎడమ ముఖం నాదానికి ఇదివరకు ఉన్న 1.7 కాస్తా 3.4 మిల్లీసెకన్లు అవుతుంది. ఒక ముఖాన్ని బాగుచేసి రెండవదానిని రెట్టింపు పాడుచేసినట్టు. తబలా, డోలు, గిటారు వాయిస్తూ పాడే మనిషి, హార్మోనియంతో కలిసి పాడే భజన, వీటన్నిటికీ ఇదే న్యాయం వర్తిస్తుంది: మూలాలు రెండైతే ట్రాక్ జరపడం మానుకోవాలి.

అప్పుడు మిగిలేవి రెండు మార్గాలు, మైకు స్థానం, పొలారిటీ. మొదటిదానికే నా ఓటు. ధ్వని మూలం నుంచి రెండో మైకు దూరం మొదటి మైకు దూరానికి కనీసం మూడు రెట్లు ఉండాలని రికార్డింగ్ వారు చెప్పుకునే సూత్రం ఒకటి ఉన్నది. మూడు రెట్ల దూరంలో ధ్వని దాదాపు 9.5 డెసిబెల్లు తగ్గి చేరుతుంది. అంత తగ్గిన ధ్వని కలిసినప్పుడు దువ్వెన పళ్లు పూర్తిగా పోకపోయినా, గుట్ట 2.5 డెసిబెల్లకూ, గుంట 3.5 డెసిబెల్లకూ కుదించుకుపోతాయి, చెవి క్షమించగలిగినంత. పైన చెప్పిన మృదంగం కొలతల్లో నిష్పత్తి 15కు 75, అంటే ఐదు రెట్లు, సుమారు 14 డెసిబెల్లు. కాబట్టి లెక్క ప్రకారం ఆ అమరిక క్షేమమైనదే. మైకులను 15 నుంచి 40 సెంటీమీటర్లకు వెనక్కు లాగితే మాత్రం 40కి 100, అంటే రెండున్నర రెట్లే. గది ధ్వని కూడా వస్తుందన్న ఆశతో మైకులను వెనక్కు జరిపేవారు తెలిసో తెలియకో ఈ గీత దాటుతారు. చిన్న గదిలో ఈ లెక్క కాగితం మీద ఉన్నంత శుభ్రంగా నడవదు, గోడలూ నేలా కూడా మైకులకు ధ్వనిని అందిస్తాయి కదా. అయినా దిశను సరిగ్గానే చూపిస్తుంది.

పొలారిటీ ఇక్కడ రెండవ అడుగు. చర్మం మీద దెబ్బ పడగానే ఆ ముఖం లోపలికి కుంగుతుంది, లోపలి గాలి నెట్టడం వల్ల ఎదుటి ముఖం బయటికి ఉబ్బుతుంది. ఒక మైకు నుంచి చర్మం దూరంగా పోతుంటే, మరొక మైకు వైపుకు చర్మం వస్తున్నది. అందుకే మంద్రంలో రెండు ట్రాకులు ఎదురెదురుగా ఉండే అవకాశం ఎక్కువ. పాశ్చాత్య డ్రమ్‌సెట్‌లో స్నేర్‌కు పైనా కిందా మైకులు పెట్టినప్పుడు కింది మైకు పొలారిటీని తిప్పడం ఇందువల్లనే రివాజు అయింది. ఎడమ ముఖం మీద గుంకీ పడినప్పుడు ఏ స్థితిలో బరువుగా వినిపిస్తున్నదో చూసి బటన్‌ను ఆ స్థితిలో ఉంచండి. రెండు స్థితులకూ తేడా కనిపించకపోతే దానిని తాకవలసిన పని లేదు.

ఇంత చేసినా కుదరకపోతే ఒక్క మైకుతో సరిపెట్టుకోవడం ఓటమి కాదు. వాద్యానికి ఎదురుగా, రెండు ముఖాలూ సమాన దూరంలో కనిపించేటట్టు, 60 నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో నిలిపిన ఒకే మైకుకు ఫేజ్ తగాదా పెట్టుకోవడానికి ఎదుట ఇంకొకటి లేదు. గది మరీ మోగుతుంటే మాత్రం ఈ మార్గం గది దోషాన్ని వినిపిస్తుంది. పరుపులు, దుప్పట్లు, పుస్తకాల బీరువా ఉన్న పడకగది ఇందుకు హాలు కంటే అనువుగా ఉంటుంది.

ప్లగిన్ ఎవరు కొనాలి

సౌండ్ రాడిక్స్ వారి ఆటో-అలైన్, వేవ్స్ వారి ఇన్‌ఫేజ్, మెల్డా వారి ఎంఆటోఅలైన్ ఈ కోవలో పేరున్నవి. నెలకొక పాట చేసుకునేవారికి వీటి అవసరం లేదనే చెబుతాను, పైన చెప్పిన చెవి పద్ధతికి ఐదు నిమిషాలు పడుతుంది, ఖర్చు లేదు. ఎనిమిది, పది మైకులతో డ్రమ్స్‌నో బృందాన్నో తరచూ రికార్డు చేసేవారికి అవి కాలాన్ని ఆదా చేస్తాయి. అయినా మృదంగం దగ్గర చూసిన చిక్కు ప్లగిన్‌కూ చిక్కే: రెండు మూలాలకు రెండు వేర్వేరు జవాబులున్నప్పుడు అది ఇచ్చే ఒక్క జవాబు ఎవరికో ఒకరికి అన్యాయం చేస్తుంది.

ఫోను కెమెరాలోనూ, విడి రికార్డర్‌లోనూ విడివిడిగా రికార్డు చేసి రెండు ధ్వనులనూ కలపాలనుకునేవారికి మరొక హెచ్చరిక. రెండు యంత్రాల గడియారాలు పది లక్షలకు 20 పాళ్ల తేడాతో నడిచినా, పది నిమిషాల్లో 12 మిల్లీసెకన్ల ఎడం ఏర్పడుతుంది. మొదట్లో సరిచేసిన ట్రాక్ చివరికి వచ్చేసరికి దారి తప్పుతుంది. ఇక్కడ ఎంపిక ఒక్కటే, మంచిదాన్ని ఉంచి రెండవదానిని మూగబోనివ్వడం.

స్టీరియో అమరికల్లో ఏది

రెండు మైకులతో స్టీరియో తీయదలచుకున్నప్పుడు, వినేవారు ఎక్కడ వింటారన్నదే నిర్ణయించాలి. గుడి మైకు సెట్టు, ఒకే స్పీకరున్న బ్లూటూత్ పెట్టె, ఊరేగింపు బండి, ఇవన్నీ మోనోనే, అంటే ఎడమ కుడులు కలిసి ఒకే ధ్వనిగా వినిపించేవే. భక్తిగీతాలు చేసేవారు వీటిని తమ ప్రధాన వేదికగా భావించి, రెండు మైకుల తలలను ఒకేచోట చేర్చి 90 డిగ్రీల కోణంలో పెట్టే ఎక్స్‌వై అమరికను ఎంచుకోవాలి. తలలు ఒకేచోట ఉండడంతో కాలంలో తేడాయే ఉండదు, మోనోలో ఏదీ రద్దు కాదు. ఒక మైకు మధ్యనూ మరొకటి పక్కలనూ వినే మిడ్-సైడ్ పద్ధతిలో పక్క మైకు మోనోలో తనంతట తానే పూర్తిగా తప్పుకుని మధ్య మైకు చెక్కుచెదరకుండా మిగులుతుంది. కానీ దానికి ఎనిమిది అంకె ఆకారంలో వినే మైకు కావాలి. 17 సెంటీమీటర్ల ఎడం, 110 డిగ్రీల కోణంతో రెండు మైకులను పెట్టే ఓఆర్‌టీఎఫ్ అమరిక హెడ్‌ఫోన్‌లో వీటన్నిటికంటే హాయిగా వినిపిస్తుంది, మోనోలో కొంత రంగు మారుతుంది. మీటరో, మీటరున్నరో ఎడంగా పెట్టే ఏబీ అమరికను నేను ఇంటి గదిలో సిఫారసు చేయను.

మిక్స్‌లో మనమే తెచ్చిపెట్టుకునేవి

ఒక గొంతును రెండు ట్రాకులుగా నకలు తీసి, ఒకదానిని 15 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి, అటొకటి ఇటొకటి పెడితే హెడ్‌ఫోన్‌లో వెడల్పుగా ఉంటుంది. మోనోలో మాత్రం ప్రతి 67 హెర్ట్జ్‌కూ ఒక గుంట పడుతుంది. దానికి బదులు గాయనిచేత అదే పల్లవిని రెండవసారి పాడించి పక్కన పెట్టడం అన్ని విధాలా మేలు, రెండు గానాలు ఎన్నడూ శాంపిల్ శాంపిల్‌కూ ఒకటి కావు గనుక రద్దయ్యే ప్రశ్న రాదు.

ఒకే ట్రాక్‌ను రెండు దారుల్లో పంపి ఒకదానికి కంప్రెసర్ (ధ్వని హెచ్చుతగ్గులను కుదించేది) పెట్టే సమాంతర పద్ధతిలో, ప్లగిన్ ఆలస్యాన్ని సాధారణంగా సాఫ్ట్‌వేర్ తానే సరిచేస్తుంది. ఫిల్టర్ తెచ్చే ఫేజ్ మార్పును మాత్రం సరిచేయదు. ఆక్టేవ్‌కు 24 డెసిబెల్ల మామూలు హై-పాస్ ఫిల్టర్ (మంద్రాన్ని కోసేది) తన కోత పౌనఃపున్యం దగ్గర ఫేజ్‌ను 180 డిగ్రీలు తిప్పుతుంది, అంటే 100 హెర్ట్జ్ దగ్గర కోసిన నకలు అసలుతో కలిసినప్పుడు సరిగ్గా 100 దగ్గరే గుంట తవ్వుతుంది. ఫేజ్‌ను తిప్పకుండా కోసే లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్ దీనిని తప్పిస్తుంది, కాకపోతే దెబ్బకు ముందే సన్నని నీడలాంటి ధ్వని పుట్టి మృదంగం చాపుల పదును మొద్దుబారవచ్చు. రెండిటికంటే సులువైనది, దారులు చీలకముందే ఫిల్టర్ పెట్టడం.

వీటిలో దేనిని సరిచూసుకోవాలన్నా, ఎడమ కుడులు ఎంతవరకు ఏకమో చూపే కోరిలేషన్ మీటరు సాయపడుతుంది. వోక్సెంగో వారి ఉచిత ప్లగిన్ స్పాన్‌లో అది ఉంటుంది. ముల్లు +1 వైపు ఉంటే రెండు వైపులూ ఏకమాటగా ఉన్నట్టు, సున్నా కంటే కిందికి పదేపదే దిగుతుంటే మోనోలో నష్టం ఉన్నట్టు. చెవితో వినేటప్పుడు మాత్రం మాస్టర్‌ను (మొత్తం మిక్స్ బయటికి వెళ్లే దారి) మోనో చేసి ఊరుకోక, ఒక స్పీకరును పూర్తిగా ఆపివేసి రెండవదానిలో వినాలి. రెండు స్పీకర్లూ ఒకే మోనో ధ్వనిని పలికితే, తల కొద్దిగా పక్కకు జరిగినా వాటి దూరాల తేడా వల్ల చెవి దగ్గర మరొక దువ్వెన తయారవుతుంది, మిక్స్‌లో లేని జబ్బుకు మందు వేయడం మొదలవుతుంది.